పిల్లవాడిని ఎక్కడ చేర్పించాలి?

పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లవాడు బడికి వెళ్లనని మొండికేస్తాడు. బ్లేడుతో చేతులు కోసుకుంటాడు. జేబులో గంజాయి పొట్లం దొరుకుతుంది. రాత్రంతా ఫోను చూసి పగలంతా ముసుగుతన్ని పడుకుంటాడు, ఎందుకని అడిగితే చేతికందినదాన్ని విసిరికొడతాడు. ఇలాంటివి మొదలైన ఇంట్లో బంధువుల నోట ముందుగా వచ్చే మాట ‘హాస్టల్లో పడేయండి, తిక్క కుదురుతుంది’. వ్యవహారం ముదిరాక వచ్చే మాట ‘ఏదైనా సెంటర్లో చేర్పించండి’. ఇంటి నుంచి దూరం చేస్తే పిల్లవాడు బాగుపడతాడన్న నమ్మకమే ఈ రెండు సలహాలకూ మూలం. ఆ నమ్మకం కొందరి విషయంలో, కొద్దికాలానికి, కొన్ని షరతుల మీద మాత్రమే నిజమవుతుంది. ఆ కొందరు ఎవరో, ఆ షరతులేమిటో మన దేశంలో చాలావరకు చట్టంలోనే రాసి ఉంది. తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు. చేర్చుకునే కేంద్రాల్లో కొన్నిటికి తెలిసినా చెప్పవు.

చోటు వెతకడానికి ముందు తేలాల్సింది జబ్బేమిటన్నది. బయటికి కనిపించే తీరు ఒకేలా ఉన్నా లోపలి కారణాలు వేరువేరుగా ఉంటాయి. పెద్దవాళ్లలో డిప్రెషన్ దిగులుగా, ఏడుపుగా కనిపిస్తే ఈ వయసులో తరచుగా చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. చిన్నప్పుడు ఎవరూ గుర్తించని ఏడీహెచ్‌డీకి (ధ్యాస, నిలకడ కుదరని స్థితి) పదో తరగతి వచ్చేసరికి ‘పొగరు’ అని పేరు పడుతుంది. డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) ఉన్న పిల్ల క్లాసులో పైకి చదవాల్సివచ్చిన రోజల్లా కడుపునొప్పి అంటుంది, కొన్నాళ్లకు బడే ఎగ్గొడుతుంది. చెవిలో గొంతులు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారనుకోవడం వంటి సైకోసిస్ లక్షణాలు చాలామందిలో టీనేజి చివర్లోనో ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనో మొదలవుతాయి. తొలి నెలల్లో ఇంట్లోవాళ్లు దాన్ని చెడు సావాసమనో, గాలి సోకిందనో అనుకుని తాయెత్తులు కట్టిస్తారు. ఉన్నట్టుండి మారిపోయిన పిల్లల విషయంలో లైంగిక వేధింపును కూడా అనుమానించాలి. వేధించింది ఇంటికి రాకపోకలున్న మనిషైతే ఆ సంగతి పిల్ల నోట రావడం మరీ కష్టం. థైరాయిడ్, మూర్ఛ వంటి శారీరక కారణాలనూ పరీక్షలు చేసి పక్కనపెట్టాలి.

ఇవన్నీ తేల్చడానికి ఎక్కడా చేర్పించనక్కర్లేదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ ఓపీ, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్హాన్స్ బాలల విభాగం ఈ పని చేస్తాయి. ఫోను, ఆటల మీదే ధ్యాస ఉన్న పిల్లల కోసం నిమ్హాన్స్ 2014 నుంచి ‘షట్’ పేరుతో ప్రత్యేక క్లినిక్ నడుపుతోంది. ఏ తలుపు తట్టాలో తోచని కుటుంబం ముందుగా 14416కు ఫోను చేయవచ్చు. అది కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల దారి వేరు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 దాన్ని మానసిక జబ్బుల్లో కలపలేదు. వాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ మార్గం చూపిస్తుంది.

పరీక్ష చేశాక ‘ఇది జబ్బు కాదు’ అని డాక్టరు చెప్పే సందర్భాలూ ఉంటాయి. అదే చట్టం ఈ విషయంలో ఒక గీత గీసింది. సమాజంలో చెలామణిలో ఉన్న నైతిక, సాంఘిక, సాంస్కృతిక విలువలకు గానీ మతవిశ్వాసాలకు గానీ ఒదగనంత మాత్రాన ఎవరినీ మానసిక రోగి అనకూడదు. కాబట్టి వేరే కులపు అబ్బాయిని ఇష్టపడిన కూతుర్ని, పెద్దలు చెప్పిన కోర్సు చదవనన్న కొడుకుని ‘దారిలో పెట్టడానికి’ ఆసుపత్రిలో చేర్పించే వీలు లేదు. అలా చేర్చుకున్న డాక్టరు చట్టాన్ని మీరినట్టే.

ఇక హాస్టలు సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీలు ఒక అలవాటుగా స్థిరపడ్డాయి. తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా చదివించే ఆ చోట్లకు క్రమశిక్షణ అనే పేరుంది. అందుకే గాడి తప్పాడనుకున్న పిల్లవాడికి అదే మందని తోస్తుంది. కానీ వార్డెన్ నర్సు కాదు, స్టడీ అవర్ చికిత్స కాదు. డిప్రెషన్‌లో ఉన్న పిల్లకు అలవాటైన మనుషులు దూరమై, నిద్ర తగ్గి, వారం వారం మార్కుల పట్టీ గోడకెక్కే చోటు జబ్బును పెంచుతుంది. చనిపోవాలనిపిస్తోందని ఒక్కసారైనా అన్న పిల్లనో పిల్లవాడినో హాస్టలుకు పంపడం ప్రమాదం. ఆ విషయంలో రెండో ఆలోచన అక్కర్లేదు.

చిక్కులున్న పిల్లలందరినీ ఒకచోట చేర్చితే ఏమవుతుందో చూపిన ఒక పాత అధ్యయనం ఇక్కడ చెప్పుకోదగ్గది. అమెరికాలో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జి, సోమర్‌విల్ పట్టణాల్లో 1939లో 506 మంది మగపిల్లల్ని ఎంపిక చేసి, సగం మందికి ఏళ్లతరబడి సాయం అందించారు. ఇంటికొచ్చి మాట్లాడే సలహాదారు, ట్యూషన్, వైద్యం, కొందరికి వేసవి శిబిరాలు. మిగతా సగం మందిని వాళ్ల మానాన వదిలేశారు. దాదాపు 30 ఏళ్ల తర్వాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లలు ఏమయ్యారో ఆరా తీసి, 1978లో ఫలితాలు ప్రచురించింది. తాగుడు, మళ్లీ మళ్లీ నేరాలు, మానసిక జబ్బులు వంటి కొన్ని లెక్కల్లో సాయం అందినవాళ్లే వెనకబడ్డారు. ఇంకా లోతుగా చూస్తే చెడు ఎక్కువగా జరిగింది వేసవి శిబిరానికి ఒకటికి రెండుసార్లు వెళ్లినవాళ్లకు. ఒకడు చేసిన ఘనకార్యం చెబుతుంటే పదిమంది నవ్వి మెచ్చుకోవడమే అక్కడ నేర్పిన పాఠమని తర్వాతి పరిశోధకులు వివరించారు. కాబట్టి చేర్పించబోయే చోట పిల్లలు ఖాళీ సమయంలో ఎవరి కనుసన్నల్లో ఉంటారన్నది చిన్న ప్రశ్న కాదు.

అదే అమెరికాలో ఇలాంటి చోట్లు పెద్ద వ్యాపారంగా ఎదిగాయి. 1958లో కాలిఫోర్నియాలో చార్లెస్ డెడెరిచ్ మొదలుపెట్టిన సినానన్ అనే సంస్థ మత్తుకు బానిసలైనవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి ఒకర్నొకరు దుమ్మెత్తిపోసుకోవడమే చికిత్స అంది. అందులోని పద్ధతులు తర్వాత టీనేజి పిల్లల కోసం వెలసిన బోర్డింగ్ స్కూళ్లలోకి పాకాయి. అడవిలోనో ఎడారిలోనో వారాలతరబడి నడిపించే శిబిరాలూ వాటికి తోడయ్యాయి. అర్ధరాత్రి ఇద్దరు మనుషులు పడకగదిలోకి వచ్చి పిల్లను లేపి తీసుకెళ్లడం వాటికి మామూలు. ఆ మనుషులకు డబ్బిచ్చి పిలిపించేది తల్లిదండ్రులే. 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ కార్యాలయం ఇలాంటి చోట్ల హింసకు సంబంధించి వేలకొద్దీ ఆరోపణలున్నాయని పార్లమెంటుకు చెప్పింది, 10 మరణాలను విడిగా పరిశీలించింది. 2021లో నటి పారిస్ హిల్టన్ టీనేజిలో తాను అనుభవించినదాన్ని యూటా చట్టసభ ముందు చెప్పింది. ఆ రాష్ట్రం అదే ఏడాది చట్టం చేసి తనిఖీలు పెంచింది. కుటుంబంతో పిల్లలు వారం వారం ఎవరూ వినకుండా మాట్లాడుకునే హక్కు ఇచ్చింది. 2024 డిసెంబరులో దేశం మొత్తానికీ వర్తించే చట్టం ఒకటి వచ్చింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కౌన్సెలర్లో, కన్సల్టెంట్లో ఇలాంటి సంస్థను సూచించినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న సూచించినవారికి అక్కడినుంచి డబ్బు అందుతుందా అన్నది. లైసెన్సు, తనిఖీ వివరాలు రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్లో చాలాచోట్ల దొరుకుతాయి.

భారతదేశానికి తన కథ తనకుంది. 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గాను నమ్ముకుని నడుస్తున్న ఒక మానసిక రోగుల వసతిగృహం తగలబడింది. రోగుల కాళ్లకు గొలుసులున్నాయి. 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. సుప్రీంకోర్టు ఆ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన 2017 చట్టం రోగిని ఏ రకంగానూ గొలుసులతో బంధించకూడదని 95వ సెక్షన్‌లో రాసింది. ఒంటరి గదిలో పెట్టి తాళం వేయడాన్ని నిషేధించింది. మైనర్లకు కరెంటు షాకు చికిత్స కూడా మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ముందస్తు అనుమతి, సంరక్షకుల సమ్మతి లేనిదే చేయకూడదంది.

పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను చేర్చుకునే పద్ధతి అదే చట్టంలోని 87వ సెక్షన్‌లో ఉంది. తల్లిదండ్రులు దాన్నొకసారి చదివించుకుంటే సగం కేంద్రాలు వాటంతటవే జాబితా నుంచి తప్పుకుంటాయి. ఇద్దరు సైకియాట్రిస్టులు, లేదా ఒక సైకియాట్రిస్టుతోపాటు మరో మానసిక ఆరోగ్య నిపుణుడో వైద్యుడో పిల్లవాడిని విడివిడిగా పరీక్షించాలి. ఆ పరీక్ష చేర్చుకునే రోజున గానీ, ముందు 7 రోజుల్లో గానీ జరగాలి. చేర్చుకోక తప్పనంత తీవ్రమైన జబ్బు ఉందని, చేర్చుకోవడం పిల్లవాడి మేలు కోసమేనని, ఇంటిదగ్గర ఉంచి చేసే వైద్యమేదీ పనిచేయలేదని లేదా పనికిరాదని ఇద్దరూ ఎవరికి వారుగా తేల్చాలి. పిల్లవాడి ఇష్టాయిష్టాలు అడిగి తెలుసుకోవాలి. పెద్దల వార్డులో కాకుండా విడిగా ఉంచాలి. చేర్చుకున్న 72 గంటల్లోగా మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు కబురు పంపాలి. 30 రోజులు దాటితే బోర్డు ఆ కేసును తప్పనిసరిగా సమీక్షిస్తుంది, ఆ తర్వాత ప్రతి 30 రోజులకూ చూస్తుంది.

ఈ సెక్షన్‌లో అసలు పట్టు మరో వాక్యంలో ఉంది. తల్లి గానీ తండ్రి గానీ, లేకపోతే వాళ్లు నియమించిన మనిషి గానీ, పిల్లవాడు ఉన్నన్నాళ్లూ అక్కడే ఉండాలి. ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ అన్న గట్టి మాటే చట్టం వాడింది. ఆడపిల్ల అయితే, దరఖాస్తు పెట్టింది తండ్రి అయినప్పుడు, ఒక ఆడమనిషి తోడుండాలి. ఉద్యోగాలు చేసుకునే తల్లిదండ్రులకు ఇది భారమే. అమ్మమ్మో, పిన్నో, మేనమామో వంతులవారీగా ఉండాల్సి వస్తుంది. అయినా పిల్లల భద్రతకు ఇంతకు మించిన ఏర్పాటు వేరే లేదు. ‘మొదటి నెల ఎవరూ రాకూడదు, ఫోను చేయకూడదు, మా పద్ధతి అంతే’ అని చెప్పే కేంద్రం మైనర్ విషయంలో చట్టాన్ని మీరుతోంది. అక్కడ ఎంత పేరున్న డాక్టరున్నా చేర్పించకూడదు. తల్లిదండ్రులు ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు పిల్లవాడిని డిశ్చార్జి చేయాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. మూడు నెలల ప్యాకేజీ డబ్బు ముందే కట్టించుకుని మధ్యలో పంపేది లేదనేవాళ్లు ఈ సంగతి తెలియని తల్లిదండ్రులనే నమ్ముకుని బతుకుతారు.

చోటు చూడటానికి వెళ్లే కుటుంబం రిసెప్షన్‌లో కూర్చుని బ్రోషర్ తిప్పితే లాభం లేదు. రిజిస్ట్రేషన్ పత్రం వచ్చినవాళ్లందరికీ కనిపించేలా గోడకు ఉండాలి. దాని పక్కనే సమీక్ష బోర్డు చిరునామా, ఫోను నంబరు రాసి ఉండాలి. రెండూ చట్టం పెట్టిన నియమాలే. పేరు ఆశ్రమమైనా, ప్రకృతి చికిత్సాలయమైనా, రిహాబ్ అయినా మానసిక రోగుల్ని చేర్చుకుంటే రిజిస్టరు చేయించుకోవాల్సిందే. క్లినికల్ సైకాలజిస్టుకు భారతీయ పునరావాస మండలి ఇచ్చిన నంబరు ఉంటుంది, అది అడగవచ్చు. ఆ తర్వాత పైకి వెళ్లి పడకలు చూడాలి. బాత్రూముకు లోపలి గడియ ఉందా, కిటికీకి ఊచలుంటే నిప్పంటుకున్నప్పుడు బయటికి దారేది, మెట్లదగ్గరి గేటు తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది అని అడిగి చూడాలి. రాత్రి డ్యూటీలో నర్సు ఉంటుందా, లేక అక్కడే మందు మానేసి పనిలో చేరిన మాజీ రోగి ఒక్కడే ఉంటాడా అన్నది కొన్ని కేంద్రాల అసలు రంగు బయటపెడుతుంది. మందుల రిజిస్టరులో నిన్నటి తేదీకి సంతకం ఉందో లేదో చూడటానికి అరనిమిషం పడుతుంది. ఉదయం పదిన్నరకు వార్డులో పిల్లలందరూ మత్తుగా పడుకుని కనిపిస్తే ఇంక ఎవరినీ అడగనక్కర్లేదు. అక్కడ జరుగుతున్నది నిద్రమందులివ్వడమే.

డీఅడిక్షన్ కేంద్రాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా 2017 చట్టం కిందికే వస్తాయి. రిజిస్ట్రేషన్, 87వ సెక్షన్ రెండూ వాటికీ వర్తిస్తాయి. తండ్రి ఫోను చేస్తే వ్యానులో నలుగురు మనుషులొచ్చి కుర్రవాడిని ఎత్తుకెళ్లే ‘పికప్’ పద్ధతికి చట్టంలో చోటు లేదు. మత్తుపదార్థాల వాడకంపై 2018లో జరిగిన జాతీయ సర్వేలో గుండెలో గుబులు పుట్టించే అంకె ఒకటుంది. వైట్‌నర్, గమ్ము వంటివి పీల్చేవాళ్లు పెద్దల్లో 0.58 శాతమైతే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం. మత్తుపదార్థాలన్నిటిలో పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించింది ఇదొక్కటే. గంజాయి, వైట్‌నర్ దశలో ఉన్న చాలామంది పిల్లలకు వారానికోసారి ఓపీకి వెళ్తూ, ఇంట్లో ఉంటూ మానే అవకాశం ఉంటుంది. పడక అవసరమయ్యేది మానగానే వచ్చే ఇబ్బందులకు వైద్యుడి పర్యవేక్షణ కావాల్సినప్పుడో, మత్తుతోపాటు సైకోసిస్ లేదా ఆత్మహత్య ఆలోచన ఉన్నప్పుడో. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు ఎక్కడున్నాయో 14446కు ఫోను చేస్తే చెబుతారు. వాటిలోనూ మైనర్‌కు పెద్దల పక్క పడక వద్దు.

ఎంత మంచి చోటైనా చేర్చుకోవడం వారాల పనే, ఏళ్ల పని కాదు. అక్కడ చేయాల్సింది రోగనిర్ధారణ ఖాయం చేయడం, మందుల మోతాదు కుదర్చడం, ప్రాణాపాయం దాటించడం. దాంతోపాటు తల్లిదండ్రుల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడటం. ‘పిల్లవాడిని బాగుచేసి ఇవ్వండి’ అని తల్లి, ‘మీరు వెళ్లండి, మేం చూసుకుంటాం’ అని కేంద్రం అనడం, రెండూ ఒకే పొరపాటుకు రెండు కొసలు. కోపం వచ్చినప్పుడు తండ్రి ఏమంటాడు, ఫోను ఎవరు లాక్కుంటారు, భోజనం దగ్గర చదువు మాట ఎత్తకుండా పూట గడుస్తుందా అన్నవి ఆ సమావేశాల్లోనే తేలాలి. తండ్రి ఒక్కసారైనా రాకపోతే చికిత్స సగమే జరిగినట్టు.

ఖర్చు విషయంలో, ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకు శరీర జబ్బులకు ఏ లెక్కన ఇస్తారో మానసిక జబ్బులకూ అదే లెక్కన ఇవ్వాలని చట్టం కంపెనీలను ఆదేశించింది. పాలసీలో మినహాయింపులు, ముఖ్యంగా మద్యం, మత్తుకు సంబంధించినవి, ముందే చదువుకోవాలి.

తప్పు జరిగినప్పుడు వెళ్లే దారులు మూడు. మొదటిది సమీక్ష బోర్డు. దరఖాస్తుకు రుసుము లేదు, పిల్లవాడి తరఫున తల్లిదండ్రులు పెట్టవచ్చు. అన్ని జిల్లాల్లోనూ బోర్డులు ఒకే చురుకుగా లేవు గనక, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసాయం కోరడం మేలు. కొట్టడం, తిండి పెట్టకపోవడం, కట్టేయడం వంటివి కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయాలి. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలోని మనిషి పిల్లలపట్ల క్రూరంగా ప్రవర్తిస్తే బాలల న్యాయచట్టం, 2015లోని 75వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

డిశ్చార్జి రోజున చేతికి రావాల్సినవి కొన్ని ఉన్నాయి. రోగనిర్ధారణ రాసిన కాగితం, మందుల పేర్లు, తర్వాత చూడాల్సిన డాక్టరు పేరు, తేదీ. ఇంటికొచ్చిన మొదటి కొన్ని వారాలు ప్రమాదం ఎక్కువ. ఆత్మహత్యాయత్నం తర్వాత చేరిన పిల్లల్లో మరీను. పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఇంట్లో తాళం వేసి ఉంచడం ఆ రోజుల్లో అనవసరపు భయం కాదు. బడిలోనో కాలేజీలోనో హాజరు తగ్గిపోయిన సంగతి మెడికల్ సర్టిఫికెట్‌తో ప్రిన్సిపాల్ దగ్గర ముందే మాట్లాడితే పిల్లవాడు తిరిగి క్లాసులో కూర్చోవడం తేలికవుతుంది. జబ్బు పేరు క్లాసంతటికీ తెలియనక్కర్లేదు.

పదిహేడున్నర ఏళ్ల పిల్లల తల్లిదండ్రులు ఇంకొక విషయం తెలుసుకుని ఉండాలి. వార్డులో ఉండగానే పద్దెనిమిది నిండితే ఆ రోజు నుంచి అతను స్వతంత్ర రోగి అవుతాడు. అప్పటినుంచి చికిత్సకు సంతకం చేసేదీ, ఇంటికి వెళ్తాననేదీ అతనే.